క్యాడ్‌లో కొలతలు తప్పు చూపిస్తున్నాయా? సెట్టింగులు ముట్టుకునే ముందు ఒక గీత కొలవండి

"అన్నా, 30 అడుగుల గోడ గీస్తే 2'-6" అని చూపిస్తోంది, ఏం చేయాలి?"

ఈ ప్రశ్న నాకు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. అడిగే మనిషి మారతాడు, మానిటర్‌ని ఫోన్‌తో తీసిన ఆ వంకర ఫోటో మాత్రం మారదు. ఇంకొకరికి అదే గోడ 9144 అని వస్తుంది, ఇంకొకరికి ఏకంగా 762 అడుగులు. ఇంకొకరికి గోడ మందం సున్నా! అందరూ ముందు చేసే పని కూడా ఒకటే, కంగారులో యూనిట్స్ డబ్బా (కొలతల సెట్టింగులుండే కిటికీ) తెరిచి కనిపించినవన్నీ మార్చేయడం. దాంతో మొదట ఒక తప్పు ఉన్న ఫైల్లో ఇప్పుడు మూడు తప్పులు ఉంటాయి. విడివిడిగా జవాబులు చెప్పలేక అంతా ఒకచోట రాస్తున్నాను.

ఇది ఆటోక్యాడ్ (కంప్యూటర్‌లో ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్ళ కోసం, అందులోనూ ఇంటి ప్లాన్లు గీసేవాళ్ళ కోసం. బ్రిక్స్‌క్యాడ్, జెడ్‌డబ్ల్యూక్యాడ్ లాంటివి వాడేవాళ్ళకి కూడా దాదాపు అన్నీ పనికొస్తాయి, కమాండ్లు చాలావరకు అవే. కమాండ్ల పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో ఉన్నా కీబోర్డు మీద ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి, అది మీకు తెలిసిందే.

థియరీ ఒక్క పేరానే. ఆటోక్యాడ్‌కి అడుగు, మీటరు అని ఏమీ తెలియదు, దానికి తెలిసింది అంకె ఒక్కటే. మీరు 30 కొడితే 30 యూనిట్ల గీత గీస్తుంది. ఆ 30 అడుగులా మీటర్లా అన్నది మీ మనసులో ఉంటుంది, ఫైల్లో ఉండదు. ఒక్క మినహాయింపు ఉంది, గొడవంతా అక్కడే: యూనిట్స్‌లో ఆర్కిటెక్చరల్ గానీ ఇంజినీరింగ్ గానీ పెడితే, ఒక యూనిట్ అంటే ఒక అంగుళం అని అది ఖాయం చేసుకుంటుంది. మీరు అడుగులు అనుకుని 30 కొట్టారు, అది 30 అంగుళాలు అనుకుంది, 30 అంగుళాలంటే 2'-6". దాని లెక్కలో తప్పేం లేదు.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

ఫైల్ కాపీ ఒకటి, ఎందుకంటే అసలు ఫైల్ మీద ప్రయోగాలు వద్దు. ఒక్కటంటే ఒక్కటి నిజమైన కొలత, అంటే దస్తావేజులో ఉన్న ప్లాటు వెడల్పో, సైట్‌లో మీరే టేపు పట్టి కొలిచిన గోడో. వేరే డ్రాయింగ్‌లో చూసిన అంకె పనికిరాదు, అది కూడా ఇలాగే తప్పి ఉండొచ్చు. ఫోన్‌లో కాలిక్యులేటర్. ఇంకా ఓ అరగంట తీరిక, సైట్ నుంచి మేస్త్రి ఫోన్ చేస్తున్న టెన్షన్‌లో ఈ పని పెట్టుకోవద్దు.

ఈ వ్యాసమంతా ఒకే ఉదాహరణ వాడతాను: 30×40 ప్లాటు, 30 అడుగుల వైపు.

1. లేయర్లన్నీ తెరవండి

లేయర్లంటే డ్రాయింగ్‌లోని పొరలు. వాటిలో ఫ్రీజ్ చేసినవి (కనబడకుండా ఆపినవి), లాక్ చేసినవి (మార్చకుండా తాళం వేసినవి) అన్నీ విప్పండి. లేయర్ థా, లేయర్ అన్‌లాక్ కమాండ్లు ఉన్నాయి, లేదంటే లేయర్ల జాబితాలోనే చేయొచ్చు. దీన్ని దాటేయకండి. తర్వాత స్కేల్ చేసేటప్పుడు (అంటే డ్రాయింగ్‌ని ఒక అంకెతో పెంచేటప్పుడో తగ్గించేటప్పుడో) "ఆల్" అని కొడితే ఫ్రీజ్ అయిన, లాక్ అయిన లేయర్లలోవి ఎంపిక కావు. ప్లాన్ అంతా 12 రెట్లు పెరుగుతుంది, ఫ్రీజ్‌లో ఉన్న కాలమ్స్ మాత్రం మూలన చిన్న చుక్కల్లా మిగిలిపోతాయి. వారం తర్వాత ఆ లేయర్ తెరిచినవాడు మిమ్మల్ని తిట్టుకుంటాడు.

2. డెసిమల్‌లో పెట్టి ఒక గీత కొలవండి

యూఎన్ (యూనిట్స్ కమాండ్) కొట్టి, టైప్ దగ్గర డెసిమల్, ప్రెసిషన్ దగ్గర 0.0000 పెట్టి ఓకే చేయండి. ఇది చూపించే తీరు మాత్రమే మారుస్తుంది, డ్రాయింగ్‌లో ఏ గీతా కదలదు కాబట్టి భయం లేదు. డెసిమల్ ఎందుకంటే, అడుగులు అంగుళాల ముసుగు తీసేసి లోపలున్న అసలు అంకె చూడాలి.

ఇప్పుడు ఎండ్‌పాయింట్ స్నాప్ (క్లిక్ సరిగ్గా గీత కొసనే పడేలా చేసేది) ఆన్ చేసి, డిఐ (దూరం కొలిచే కమాండ్) కొట్టి, మీకు నిజమైన కొలత తెలిసిన ఆ గీత రెండు కొసలూ క్లిక్ చేయండి. వచ్చిన డిస్టెన్స్ కాగితం మీద రాసుకోండి. డైమెన్షన్ (గీత పక్కన కొలత చూపించే గుర్తు) మీద రాసి ఉన్న అంకె కాదు, డిఐ చెప్పిన అంకె. ఈ రెండింటికీ తేడా ఉంటే అదే పెద్ద ఆధారం: డిఐ తప్పుగా చెబితే రోగం డ్రాయింగ్‌లో ఉంది, డిఐ సరిగ్గా చెప్పి డైమెన్షన్ తప్పు చూపిస్తే రోగం డైమెన్షన్‌లో ఉంది. సగం గొడవ ఇక్కడే తేలిపోతుంది.

అదే జవాబులో డెల్టా జెడ్ (రెండు కొసల ఎత్తుల తేడా) కూడా చూడండి. అది సున్నా కాకపోతే మీ గీత ఒక కొస నేల మీద, ఇంకో కొస గాల్లో ఉందన్నమాట. సర్వే నుంచి వచ్చిన ఫైళ్ళలో ఇది మామూలే, ప్రతి బిందువుకీ ఎత్తు ఉంటుంది. పై నుంచి చూస్తే సరిగ్గానే కనిపిస్తుంది, డిఐ మాత్రం ఏటవాలు దూరం చెబుతుంది. ఫ్లాటెన్ కమాండ్‌తో అన్నిటినీ నేలకి దించి మళ్ళీ కొలవండి. లెవెల్స్ కావాలనుకుంటే ఆ పని కాపీలోనే చేయండి.

3. ఏ యూనిట్‌లో గీశారో కనిపెట్టండి

30 అడుగుల గీతకి డిఐ ఏం చెప్పింది?

- 360 వస్తే అంగుళాలు
- 30 వస్తే అడుగులు
- 9144 వస్తే మిల్లీమీటర్లు
- 914.4 వస్తే సెంటీమీటర్లు
- 9.144 వస్తే మీటర్లు

నిజమైన కొలత ఏదీ చేతిలో లేకపోతే బయటి గోడ మందం కొలవండి. మన దగ్గర బయటి గోడ చాలావరకు తొమ్మిది అంగుళాలే కాబట్టి 9 అయితే అంగుళాలు, 0.75 అయితే అడుగులు, 230 అయితే మిల్లీమీటర్లు, 0.23 అయితే మీటర్లు. 228.6 వచ్చిందంటే ఎవరో అంగుళాల్లో గీసి తర్వాత 25.4తో పెంచారు. ఇది తప్పు కాదు గానీ, 230 గోడలున్న డ్రాయింగ్‌తో కలిపినప్పుడు 1.4 మిల్లీమీటర్ల తేడాలు వస్తూ ఉంటాయి, అవి చూసి బెంబేలెత్తకండి.

ఒక్కచోట కొలిచి ఊరుకోవద్దు. ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా, డ్రాయింగ్‌లో వేర్వేరు మూలల్లో కొలవండి. ఫొటోనో స్కాన్ చేసిన కాగితాన్నో కింద పెట్టి దాని మీద గీసిన ప్లాన్లలో అడ్డం సరిగ్గా ఉండి నిలువు సాగిపోయి ఉండటం నేను చాలాసార్లు చూశాను. అలాంటిది ఎంత స్కేల్ చేసినా బాగుపడదు, కొలతలు పెట్టి మళ్ళీ గీయడమే.

పై వాటిలో ఏదీ రాలేదు, 412.87 లాంటి వింత అంకె వచ్చింది, అడ్డం నిలువు రెండూ అదే నిష్పత్తిలో ఉన్నాయి అంటే, ఆ ప్లాన్ పీడీఎఫ్ నుంచి దించుకున్నది అయ్యుంటుంది. దానికి మందు కింద ఉంది.

ఇంకో గుర్తు కూడా చెబుతాను, ఎదుటివాళ్ళు ఫోన్‌లో చెప్పినప్పుడు పనికొస్తుంది. ఆర్కిటెక్చరల్‌లో పెట్టి చూస్తే మన 30 అడుగులు 2'-6" అని వస్తే ఫైల్ అడుగుల్లో ఉంది, 762'-0" అని వస్తే మిల్లీమీటర్లలో ఉంది, 9 1/8" అని వస్తే మీటర్లలో ఉంది.

4. అవసరమైతేనే స్కేల్ చేయండి

ముందు మీకు ఏది కావాలో తేల్చుకోండి. మేస్త్రికి ఇచ్చే ప్లాన్ అడుగులు అంగుళాల్లో కావాలంటే ఫైల్ అంగుళాల్లో ఉండాలి. అనుమతికి పెట్టే ప్లాన్ మీటర్లలో అడుగుతారు. స్ట్రక్చరల్ వాళ్ళు మిల్లీమీటర్లు అంటారు. ఏదైనా పర్వాలేదు, ఒక ఫైల్‌కి ఒకటే.

ఎస్‌సీ (స్కేల్ కమాండ్) కొట్టండి, ఆల్, ఎంటర్, బేస్ పాయింట్ 0,0 ఇచ్చి ఈ అంకె ఇవ్వండి:

- అడుగుల నుంచి అంగుళాలకి 12
- అంగుళాల నుంచి మిల్లీమీటర్లకి 25.4
- మిల్లీమీటర్ల నుంచి అంగుళాలకి 1/25.4 (ఇలాగే భిన్నంగా కొట్టండి, 0.039 అని కుదించి కొడితే 30 అడుగుల దగ్గరే మూడు అంగుళాలకి పైగా పోతుంది)
- మీటర్ల నుంచి మిల్లీమీటర్లకి 1000
- అడుగుల నుంచి మీటర్లకి 0.3048

పీడీఎఫ్ బాపతు వింత అంకె అయితే రిఫరెన్స్ వాడండి. ఎస్‌సీ, ఆల్, బేస్ పాయింట్ తర్వాత ఆర్ కొట్టి, ఆ తెలిసిన గీత రెండు కొసలూ క్లిక్ చేసి, అది ఎంత ఉండాలో ఆ అంకె కొట్టండి. మిల్లీమీటర్లు కావాలంటే 9144. ఇందుకు వీలైనంత పొడుగు గీత తీసుకోండి. మూడడుగుల తలుపుని ఆధారం చేసుకుంటే క్లిక్‌లో పడ్డ చిన్న తేడా 40 అడుగుల దగ్గర అంగుళం దాటుతుంది.

జాగ్రత్త! సర్వే డ్రాయింగ్‌ని ఎప్పుడూ స్కేల్ చేయకండి. టోటల్ స్టేషన్, డీజీపీఎస్ లాంటి సర్వే పరికరాల నుంచి వచ్చిన ఫైల్లో ప్రతి బిందువుకీ దాని నిజమైన కోఆర్డినేట్ ఉంటుంది. హైదరాబాద్ చుట్టుపక్కల యూటీఎం (మ్యాపుల్లో వాడే మీటర్ల గ్రిడ్) కోఆర్డినేట్లయితే నార్తింగ్ (ఉత్తరం వైపు దూరం) 19 లక్షల చిల్లర కనిపిస్తుంది, అది మీటర్లలో. దాన్ని 1000తో పెంచారంటే ఆ కోఆర్డినేట్ ఇంక ఎందుకూ కొరగాదు, సర్వేయర్ రేపు సవరించిన ఫైల్ పంపితే మీ ప్లాన్ మీద కూర్చోదు. దాన్ని అలాగే ఉంచి, మీ ఫైల్లోకి ఎక్స్‌రెఫ్‌గా (లింకు చేసిన బయటి ఫైల్‌గా) తెచ్చుకోండి, పెరగాల్సిందేదో మీ ఫైల్లో పెరుగుతుంది.

స్కేల్ అయ్యాక జెడ్, ఇ కొట్టి మొత్తం చూడండి, మళ్ళీ డిఐ పెట్టండి. అనుకున్న అంకె వచ్చిందా? రాకపోతే కంట్రోల్ జెడ్. స్కేల్ మీద స్కేల్ చేస్తూ పోవద్దు.

5. యూనిట్స్ డబ్బాకి ఇప్పుడు వెళ్ళండి

అంగుళాల ఫైల్ అయితే ఆర్కిటెక్చరల్, మిల్లీమీటర్లు, మీటర్లు అయితే డెసిమల్. అదే డబ్బాలో ఇన్సర్షన్ స్కేల్ అని ఉంటుంది, అక్కడ ఫైల్ ఏ యూనిట్‌లో ఉందో నిజం చెప్పండి. దీన్ని మార్చితే ఉన్న గీతలు మారవు, అందుకే చాలామంది పట్టించుకోరు. కానీ బయటి నుంచి తలుపో, కారో, కమోడో బ్లాక్ (ముందే గీసి పెట్టిన బొమ్మ) తెచ్చినప్పుడు ఎన్ని రెట్లు పెంచాలో అది ఇక్కడే చూసుకుంటుంది. అంగుళాల ఫైల్లో ఇక్కడ అబద్ధం ఉందనుకోండి, 900 మిల్లీమీటర్ల తలుపు 900 అంగుళాలుగా వచ్చి పడుతుంది, అంటే 75 అడుగుల తలుపు. ఇల్లు మొత్తం ఆ తలుపు రెక్క కింద ఉంటుంది. బ్లాక్ వచ్చిన ఫైల్లో యూనిట్‌లెస్ అని ఉన్నా ఇలా జరగొచ్చు, అప్పుడు ఆ ఫైల్ తెరిచి అక్కడ సరిచేసి మళ్ళీ తెచ్చుకోవాలి.

ఆర్కిటెక్చరల్‌లో అంకెలు కొట్టే పద్ధతి: 10'6 అని కలిపి కొట్టాలి. మధ్యలో ఖాళీ వదిలితే స్పేస్ బార్ ఎంటర్ అయిపోతుంది, 10 అడుగులే గీస్తుంది. అర అంగుళం ఉంటే 10'6-1/2. అడుగు గుర్తు మర్చిపోయి 10 అని మాత్రమే కొడితే అది 10 అంగుళాలు. డెసిమల్‌లో ఉండగా అడుగు గుర్తు కొడితే అసలు తీసుకోదు.

ఇక్కడ ఆగి 10.6 గురించి మాట్లాడుకోవాలి

ఇది సాఫ్ట్‌వేర్ తప్పు కాదు, మనది. మన దగ్గర పది అడుగుల ఆరు అంగుళాలని చాలామంది 10.6 అని రాస్తారు. దస్తావేజుల్లో, మేస్త్రి చీటీల్లో, ఓనర్ వాట్సాప్‌లో పెట్టే కొలతల్లో, అన్నిచోట్లా. కానీ 10'-6" అంటే 10.5 అడుగులు. 10.6 అడుగులంటే 10'-7.2". అడుగుల్లో గీసే ఫైల్లో 10.6 కొడితే 1.2 అంగుళాలు ఎక్కువ గీస్తుంది. అంత దాకా సర్దుకోవచ్చు అనుకుంటే, 10.10 సంగతి చూడండి. రాసినవాడి ఉద్దేశం పది అడుగుల పది అంగుళాలు. క్యాడ్‌కి అది 10.1, అంటే 10'-1.2". దాదాపు తొమ్మిది అంగుళాలు, ఒక గోడ మందం, గాలికి పోయింది.

దస్తావేజులో ఉన్నది ఏ పద్ధతో ఎలా తెలుస్తుంది? అందులోనే రాసి ఉన్న విస్తీర్ణంతో సరిచూడండి. 30.6 × 40 అని ఉందనుకోండి. 30'-6" అయితే 1220 చదరపు అడుగులు, అంటే 135.56 గజాలు. నిజంగానే 30.6 అడుగులు అయితే 1224 చదరపు అడుగులు, సరిగ్గా 136 గజాలు. దస్తావేజులో 136 గజాలని ఉంటే అది దశాంశం. ప్లాటు నలుచదరంగా లేకపోతే ఈ లెక్క అంత తేలిగ్గా తేలదు, అప్పుడు టేపు పట్టుకుని వెళ్ళడమే దారి. నాకు ఎవరైనా చుక్క పెట్టి కొలత పంపితే తిరిగి ఫోన్ చేసి "అడుగులెన్ని, అంగుళాలెన్ని" అని అడుగుతాను. విసుక్కుంటారు, పర్వాలేదు.

6. డైమెన్షన్ స్టైల్ సరిచేయండి

"యూనిట్స్‌లో ఆర్కిటెక్చరల్ పెట్టాను, అయినా డైమెన్షన్ 360 అనే చూపిస్తోంది." ఇది రెండో పెద్ద ప్రశ్న. యూనిట్స్ డబ్బా డైమెన్షన్లని పట్టించుకోదు, డైమెన్షన్లకి వాటి సొంత సెట్టింగ్ ఉంది. డి (డైమెన్షన్ స్టైల్ కమాండ్) కొట్టి, స్టైల్ ఎంచుకుని, మాడిఫై నొక్కి, ప్రైమరీ యూనిట్స్ ట్యాబ్‌కి వెళ్ళండి. అక్కడ వరసగా:

యూనిట్ ఫార్మాట్: అంగుళాల ఫైల్‌కి ఆర్కిటెక్చరల్, మిగతావాటికి డెసిమల్.

ప్రెసిషన్: మిల్లీమీటర్లకి 0, మీటర్లకి 0.00 లేదా 0.000. మీటర్ల ఫైల్లో ప్రెసిషన్ 0 ఉంటే 9.144 కాస్తా 9 అవుతుంది, 0.23 గోడ 0 అవుతుంది. "గోడ మందం సున్నా చూపిస్తోంది" అన్నవాళ్ళకి జవాబు ఇదే.

డెసిమల్ సెపరేటర్: ఐఎస్ఓ-25 స్టైల్‌లో ఇది కామాగా వస్తుంది. 9,14 అని ప్రింటైతే మనవాళ్ళు 914 అని చదువుతారు. చుక్కగా మార్చండి.

రౌండ్ ఆఫ్: 0 ఉండాలి. ఇక్కడ 5 ఉంటే ప్రతి కొలతా 5 గుణిజానికి సర్దుకుని కనిపిస్తుంది, గోడ మాత్రం కదలదు.

స్కేల్ ఫ్యాక్టర్: 1 ఉండాలి. డిఐ సరిగ్గా చెప్పి డైమెన్షన్ తప్పు చెప్పే కేసుల్లో ముందు అనుమానించాల్సింది దీన్నే. అనుమానం తీరాలంటే డైమెన్షన్ అంకెని డిఐ అంకెతో భాగించండి. 12, 25.4, 1000, 0.001 లాంటిది వస్తే, ఎవరో గీతలు సరిచేయడానికి బద్ధకించి ఇక్కడ గుణించి చేతులు దులుపుకున్నారు.

ఓకే చేశాక కొన్ని డైమెన్షన్లు మారి, కొన్ని మారకపోతే వాటికి విడిగా ఓవర్‌రైడ్ (స్టైల్‌ని కాదని పెట్టిన సొంత సెట్టింగ్) ఉంది. డైమెన్షన్ మెనూలో అప్‌డేట్ నొక్కి వాటిని ఎంపిక చేయండి, ఇప్పుడున్న స్టైల్ వాటికీ వర్తిస్తుంది.

మేస్త్రికి అడుగులు, ఆఫీసుకి మిల్లీమీటర్లు, రెండూ ఒకే ప్లాన్‌లో కావాలంటే ఫైల్‌ని రెండు చేయక్కర్లేదు. పక్కనే ఆల్టర్నేట్ యూనిట్స్ ట్యాబ్ ఉంది. మిల్లీమీటర్ల ఫైల్లో అక్కడ ఆర్కిటెక్చరల్ పెట్టి, మల్టిప్లయర్ 0.03937008 ఇవ్వండి, మీటర్ల ఫైల్ అయితే 39.37008. ప్రతి మిల్లీమీటర్ కొలత పక్కన బ్రాకెట్లో అడుగులు వస్తాయి. 230 పక్కన 9" కనబడితే మేస్త్రి ప్రాణం హాయిగా ఉంటుంది.

7. చేత్తో దిద్దిన డైమెన్షన్లని పట్టుకోండి

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఒక ఎత్తు, ఇది ఒక్కటీ ఒక ఎత్తు. డైమెన్షన్ మీద డబుల్ క్లిక్ చేసి అంకె మార్చేయడం. కొత్తలో నేనూ చేశాను. బాత్రూమ్ 4'-6" సరిపోదు, 5 అడుగులు చేయండి అని సాయంత్రం ఆరింటికి ఫోన్. గోడ జరిపితే పక్క గది, మెట్లు అన్నీ జరపాలి, పీడీఎఫ్ వెంటనే పంపాలి, అందుకని అంకె ఒక్కటీ మార్చి పంపేశాను. కాలమ్స్ మార్కింగ్ షీట్ అదే ఫైల్ నుంచి ఇంకొకతను తీశాడు, అతనికి గీతలు చెప్పింది 4'-6". ఇటుక పని మొదలయ్యాక తేలింది. ఒక వరస పగలగొట్టాం. మేస్త్రి ఏమీ అనలేదు, కాగితం నా ముందు పెట్టి గోడ వైపు చూశాడు, అంతే.

పట్టుకోవడం ఇలా. క్యూసెలెక్ట్ కమాండ్‌తో రొటేటెడ్ డైమెన్షన్ రకం మొత్తం ఎంపిక చేయండి (మామూలు లీనియర్ డైమెన్షన్లని అది ఆ పేరుతోనే పిలుస్తుంది). కంట్రోల్, 1 నొక్కి ప్రాపర్టీస్ తెరిచి, టెక్స్ట్ విభాగంలో టెక్స్ట్ ఓవర్‌రైడ్ గడి చూడండి. ఖాళీగా ఉంటే బతికిపోయారు. వ్యారీస్ అని ఉంటే కొన్నిటిని ఎవరో చేత్తో దిద్దారు. ఆ గడిలో <> అని కొట్టి ఎంటర్ చేస్తే అన్నీ అసలు కొలతకి వచ్చేస్తాయి. అలైన్డ్ డైమెన్షన్లకి కూడా విడిగా ఇదే చేయండి.

ఇది కాపీ ఫైల్లో చేసి, పాత ప్రింటు పక్కన పెట్టుకుని చూడండి. ఏ అంకెలు మారాయో అవన్నీ ఎవరో ఒకరు దాచిపెట్టిన మార్పులు. ప్రతిదాని గురించీ అడగండి, గోడ తప్పా, అంకె తప్పా అని. మీ అంతట మీరు తేల్చేయకండి. కొన్నిచోట్ల <> పక్కన "క్లియర్" లాంటి మాట కావాలనే చేర్చి ఉంటారు, అది తప్పు కాదు, <> ఉన్నంతవరకు అసలు కొలత బతికే ఉంటుంది. అలాంటివి ఉంటే పై పద్ధతిలో ఆ మాటలు కూడా పోతాయి, మళ్ళీ చేర్చుకోవాలి.

డైమెన్షన్‌ని ఎక్స్‌ప్లోడ్ చేస్తే మాత్రం అది వట్టి గీతలు, అక్షరాలు అయిపోతుంది, దానికి గోడతో సంబంధం తెగిపోతుంది. అలాంటివి కనిపిస్తే చెరిపేసి కొత్తవి పెట్టండి. డిమ్‌అసోక్ (డైమెన్షన్ గోడకి కట్టి ఉండాలా వద్దా అని చెప్పే సెట్టింగ్) అని కొట్టి 2 ఉందో లేదో కూడా చూడండి. 0 ఉంటే ఇకమీదట మీరు పెట్టే ప్రతి డైమెన్షన్ పుట్టుకతోనే ఎక్స్‌ప్లోడ్ అయి వస్తుంది. 1 ఉంటే గోడ జరిపినప్పుడు డైమెన్షన్ వెంట రాకపోవచ్చు. పాతవాటిని మళ్ళీ గోడకి కట్టడానికి డిమ్‌రీఅసోసియేట్ ఉంది.

8. అంకె కనిపించడం లేదు, లేదా ఇల్లంతా అంకే

స్కేల్ చేశాక ఇది తప్పకుండా వస్తుంది. డైమెన్షన్ అక్షరాల సైజు స్టైల్‌లో ఉంటుంది కాబట్టి ప్లాన్‌తో పాటు పెరగదు. ఫిట్ ట్యాబ్‌లో ఓవరాల్ స్కేల్ మార్చాలి, ఒక్కో సైజునీ విడిగా మార్చకండి. కాగితం మీద 2.5 మిల్లీమీటర్ల అక్షరం, 1:100 ప్రింటు అనుకుంటే: మిల్లీమీటర్ల ఫైల్లో ఓవరాల్ స్కేల్ 100, మీటర్ల ఫైల్లో 0.1. అంగుళాల ఫైల్లో అక్షరం ఎత్తు 3/32" పెట్టుకుని 1/8"=1'-0" కి తీసేటట్టయితే 96.

ఇది మార్చినా అక్షరం మారకపోతే టెక్స్ట్ స్టైల్‌లో ఎత్తు ఖాయం చేసి ఉంటుంది. ఎస్‌టీ కొట్టి, ఆ స్టైల్ హైట్ 0 చేయండి. దీని కోసం నేను ఒకసారి పూటంతా పోగొట్టుకున్నాను.

9. లేఅవుట్‌లో

లేఅవుట్ అంటే ప్రింటు తీసే కాగితం, వ్యూపోర్ట్ అంటే అందులోంచి ప్లాన్ కనిపించే కిటికీ, ఎక్స్‌పీ అంటే కాగితంతో పోల్చి ఎన్ని రెట్లో చెప్పేది. వ్యూపోర్ట్ స్కేల్ దగ్గర తప్పే చోటు ఒక్కటే. మిల్లీమీటర్ల కాగితం మీద 1:100 కావాలంటే, మిల్లీమీటర్ల ఫైల్‌కి 0.01ఎక్స్‌పీ, మీటర్ల ఫైల్‌కి 10ఎక్స్‌పీ, అంగుళాల ఫైల్‌కి 0.254ఎక్స్‌పీ. జాబితాలో ఉన్న 1:100 మీ ఫైల్ కూడా మిల్లీమీటర్లే అనుకుని లెక్కేస్తుంది. సెట్ చేశాక వ్యూపోర్ట్ లాక్ చేయండి, లేకపోతే మౌస్ చక్రం ఒక్కసారి తిరిగితే చాలు. డైమెన్షన్లు మోడల్‌లోనే (ప్లాన్ గీసే చోటే) పెట్టండి అని నా సలహా. లేఅవుట్‌లో పెట్టినవాటిలో ఇంటి కొలత బదులు కాగితం కొలత కనిపిస్తే, ముందు డిమ్‌అసోక్ చూడండి, తర్వాత డిమ్‌రీజెన్ కొట్టండి.

10. పంపే ముందు సరిచూసుకోండి

వరస కూడండి. ఒక వైపున్న చిన్న కొలతలన్నీ కలిపితే మొత్తం కొలత రావాలి. మిల్లీమీటర్లలో ఒకటి రెండు తేడా వస్తే అది రౌండింగ్, 10000ని మూడు భాగాలు చేస్తే 3333 మూడు సార్లు, మొత్తం 9999. దాన్ని సరిపెట్టడానికి ఒక అంకె దిద్దకండి. ఐదూ పదీ తేడా ఉంటే ఎక్కడో గీత కలవలేదు.

విస్తీర్ణం చూడండి. ఏఏ కమాండ్‌తో ప్లాటు నాలుగు మూలలూ క్లిక్ చేస్తే, ఆర్కిటెక్చరల్‌లో 172800 చదరపు అంగుళాలు, పక్కన బ్రాకెట్లో 1200 చదరపు అడుగులు అని వస్తుంది. మొదటి అంకె చూసి గుండె ఆగనివ్వకండి. 1200ని 9తో భాగిస్తే 133.33 గజాలు, దస్తావేజుతో పోల్చుకోండి. మీటర్ల ఫైల్లో 111.48 రావాలి.

గోడ ఒకటి స్ట్రెచ్ చేసి చూడండి, డైమెన్షన్ అంకె దాంతో పాటు మారాలి. మారితే కంట్రోల్ జెడ్ కొట్టండి. మారకపోతే 7వ మెట్టుకి వెనక్కి.

చివరగా ప్రింటు తీసి మామూలు స్కేలు పెట్టి కొలవండి. 1:100లో 30 అడుగులు కాగితం మీద 91.4 మిల్లీమీటర్లు ఉండాలి. 87, 88 వస్తే ప్లాట్ డబ్బాలో ఫిట్ టు పేపర్ టిక్ ఉండిపోయింది, లేదా పీడీఎఫ్ ప్రింటు తీసిన జిరాక్స్ షాపులో "ఫిట్" పెట్టి తీశారు. యాక్చువల్ సైజ్ అని అడిగి తీయించుకోండి. కింద 1:100 అని రాసి ఉంటే సైట్‌లో స్కేలు పెట్టి కొలిచేవాళ్ళు ఇంకా ఉన్నారు.

ఇంత చేసినా తేలకపోతే నాకు పంపండి, కానీ మానిటర్ ఫోటో వద్దు. మూడు అంకెలు చాలు: ఆ గీత నిజంగా ఎంత ఉండాలి, డెసిమల్‌లో డిఐ ఎంత చెప్పింది, డైమెన్షన్ మీద ఎంత ఉంది.